పద్నాలుగు రోజుల ముద్ర

ఆ సోమవారం పొద్దున్న ఏడుంపావుకి, అందరూ 'సిత్', అంటే మేడమ్, అని పిలిచే నజీహా లైబ్రరీ తలుపు తీసి, లైట్లు వేయకముందే నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళి మూడు కాగితాలు పీకేసింది. ఒకటి ట్యూషన్ ప్రకటన. ఒకటి ఎవరిదో పోయిన కళ్ళజోడు గురించి. మూడోది బండ్లు ఎక్కడ నిలపాలో చెబుతూ డీన్ గారు ఇచ్చిన ఉత్తర్వు. మూడింటికీ పద్నాలుగు రోజులు నిండాయి.

అది ఆమె పెట్టుకున్న నియమం. లైబ్రరీ గుండ్రటి ముద్ర లేని కాగితం బోర్డు ఎక్కకూడదు. ముద్ర మధ్యలో తారీఖు తిరిగే చక్రాలుంటాయి. ఆ తారీఖు నుంచి పద్నాలుగు రోజులే ఆయుష్షు. తర్వాత ఎవరిదైనా చెత్తబుట్టలోకే. పన్నెండేళ్ళ కిందట ఎన్నికలప్పుడు ఒక పెద్దమనిషి బొమ్మ రాత్రికి రాత్రి బోర్డు మీద వెలిసింది. నజీహా దాన్ని చించేసింది. నలుగురు కుర్రాళ్ళు వచ్చి, "ఎవరి బొమ్మ చించావో తెలుసా?" అని అడిగారు. "తెలుసు. ముద్ర లేని బొమ్మ" అంది. ఆ మాట సమావా ఊరంతా తిరిగింది. అప్పటి నుంచి ఆ ముద్రకు ఊళ్ళో ఒక గౌరవం వచ్చింది. ముద్ర ఉంటే నిజమని జనం అనుకోసాగారు.

కాగితంలో ఉన్నది నిజమని నజీహా ఎప్పుడూ చెప్పలేదు. ఈ కాగితం ఇక్కడ వేలాడవచ్చు అన్నదే ఆ ముద్రకు అర్థం. కానీ తేడా ఎవరూ అడగలేదు. అడగకపోయేసరికి, ఆమె కూడా మరిచిపోయింది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. ఈ కాలేజీ లైబ్రరీలో ఇరవై తొమ్మిదో ఏడు. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి ఇంటి మేడ మీద ఉంటుంది. లైబ్రరీలో పదకొండు వేల పుస్తకాలున్నాయి. వాటిలో సగం ఎవరూ తెరవనివి. జనాన్ని రప్పించేది పుస్తకాలు కాదు, ఏసీ. పక్కనున్న పిల్లల ఆసుపత్రికి వచ్చే కరెంటు లైనే కాలేజీకీ వస్తుంది కాబట్టి ఊరంతా ఉడికిపోతున్నా ఆ హాలు చల్లగా ఉంటుంది. ఆరేళ్ళ కిందట వాచ్‌మన్ కూతురు ఇంటర్ లాంటి ఆఖరి స్కూలు పరీక్షకు చదువుకోవడానికి చోటు లేక ఏడుస్తుంటే నజీహా లోపల కూర్చోమంది. మరుసటి ఏడు అయిదుగురొచ్చారు. ఈ ఏడు రిజిస్టరులో అరవై మూడు పేర్లు. ఏప్రిల్ మధ్య నుంచి పరీక్షలయ్యేదాకా ఊళ్ళో పిల్లలు ఎవరైనా గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి కూర్చోవచ్చు.

చల్లదనంతో పాటు ఇంకొకటి కూడా ఉంది. వెనక గోడకున్న అలమరలో పేరున్న ట్యూషన్ మాస్టర్ల నోట్సు కట్టలు రెండు వందల పద్నాలుగు. బయట కొనాలంటే ఇటుక బట్టీ కూలీ వల్ల కాదు. సెప్టెంబరులో ఒక సాయంత్రం పాసైన పిల్లలు తమ కట్టలు తెచ్చి అప్పగిస్తారు. అట్ట మీద పేరు, వచ్చిన మార్కు రాస్తారు. తల్లులు, నాయనమ్మలు వస్తారు. టీలు, ఖర్జూరం బిస్కెట్లు, ఆడవాళ్ళు నాలుక తిప్పుతూ సంతోషంగా వేసే ఉలుల కేకలు. లైబ్రరీలో అరుపులేమిటని ఒకసారి డీన్ ఆఫీసు గుమాస్తా వచ్చి, రెండు బిస్కెట్లు తిని వెళ్ళిపోయాడు.

ఇక ప్రతి పరీక్షకూ ముందు రోజు పాత ప్రశ్నలు చేసి చూపే తరగతి ఉంటుంది. ఆ సోమవారం రసాయన శాస్త్రం వంతు. పరీక్ష మంగళవారం ఎనిమిదింటికి. చెప్పేది ఉస్తాద్ షాకిర్. రిటైరై పదేళ్ళయింది. ఏమీ పుచ్చుకోడు, టీలో చక్కెర మాత్రం గ్లాసు అడుగున గట్టిగా పేరుకోవాలి.

పదింటికి ఇరవై ఎనిమిది మంది కూర్చున్నారు. ఉస్తాద్ బోర్డు మీద రెండు గిన్నెలు గీశాడు, వాటి మధ్య ఒక తీగ గీశాడు.

"ఇది విద్యుత్ ఘటం, బ్యాటరీ లాంటిది. ఎలక్ట్రాన్లు ఎటు పోతాయి? ఎవరు చెబుతారు?"

వెనక నుంచి ఒక అబ్బాయి, "ఉస్తాద్, అది తీసేశారు కదా" అన్నాడు.

"ఏది తీసేశారు? తీగా?"

"అధ్యాయం ఉస్తాద్. అయిదోది. ఈ ఏడు పరీక్షలో లేదు."

"నీకెవడు చెప్పాడ్రా, మీ మేనమామ మంత్రా?"

హాలంతా నవ్వారు. అబ్బాయి నవ్వలేదు. "బయట బోర్డు మీద ఉంది. సిత్ స్టాంపు కూడా ఉంది" అన్నాడు.

ఉస్తాద్ సుద్దముక్క కింద పెట్టి వరండాలోకి వెళ్ళాడు. నజీహా వెనకే వెళ్ళింది. బోర్డు మధ్యలో ఆ కాగితం. విద్యా మంత్రిత్వ శాఖ గద్ద గుర్తు, సంతకం, తీసేసిన అధ్యాయాల పట్టిక. అన్నీ అసలువే. ఉస్తాద్ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు కాగితానికి ఆనేలా చూశాడు.

"ఇది టీచర్ల సమ్మె జరిగిన ఏడాదిది. నిరుడు కాదు, అంతకుముందుది. బడులు మూడు నెలలు మూతపడితే అప్పుడు తీసేశారు. నిరుడు మళ్ళీ చేర్చారు."

"దాని మీద తారీఖు లేదే" అంది నజీహా.

"పైన ఉండాలి. పై భాగమే లేదు. కింద మాత్రం ఉంది చూడు."

కింద కుడి మూల నీలం రంగులో ఈ ఏడాది మే ఇరవై తొమ్మిది. అది ఆమె చేతులారా తిప్పిన చక్రం.

పిల్లలు అప్పటికే గుమ్మంలో మూగారు. విషయం ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఒకమ్మాయి అక్కడే నేల మీద కూలబడింది. "నేను రెండు వారాల నుంచి దాన్ని ముట్టుకోలేదు" అని ఇంకొకరు. "నేను చదివాను, నాకు ముందే అనుమానం" అని ఒకడు. వాడి వీపు మీద పక్కవాడు ఒకటిచ్చాడు. ముందు వరుసలో కూర్చునే పిల్ల నజీహా ముఖంలోకి చూసి, "సిత్, స్టాంపు మీదే కదా" అంది. అరవలేదు, అడిగిందంతే.

"నాదే" అంది నజీహా.

"లోపలికి పదండి" అన్నాడు ఉస్తాద్. "ఏడ్చేవాళ్ళు ఏడుస్తూనే రాసుకోండి. సాయంత్రం దాకా ఇదే చెబుతాను. నాకు మూడు టీలు కావాలి."

నజీహా కాగితం తీసి మడిచి రిజిస్టరు ముందు కూర్చుంది. అరవై మూడు మందిలో రసాయన శాస్త్రం ఉన్నవాళ్ళు ముప్ఫై ఏడుగురు. ఇరవై ఎనిమిది మంది లోపల ఉన్నారు. తొమ్మిది మంది రాలేదు. తొమ్మిది పేర్ల కింద పెన్సిలుతో గీత గీస్తూ వచ్చింది. ఏడో పేరు దగ్గర పెన్సిలు ఆగింది. తబారక్.

తబారక్ ఇటుక బట్టీల వైపు నుంచి వచ్చే పిల్ల. పద్దెనిమిదేళ్ళు. నర్సింగ్ కాలేజీలో చేరాలన్నది ఆమె పట్టుదల. వాళ్ళ బడిలో రసాయన శాస్త్రం టీచరు ఫిబ్రవరిలో ప్రసూతి సెలవు మీద వెళ్ళింది. బదులు ఎవరూ రాలేదు. అందుకని ఆ పిల్లకు బడి అంటే నూట పన్నెండో నంబరు నోట్సు కట్టే. పట్టికను బోర్డుకు గుచ్చిన మరునాడు తబారక్ ఆ కట్ట పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

"సిత్, అయిదో అధ్యాయం నిజంగానే లేదా? నాకది కొంచెం అర్థమవుతోంది. వదిలేయాలంటే భయంగా ఉంది."

"స్టాంపు ఉంది కదమ్మా" అంది నజీహా. అని ఊరుకోలేదు. సొరుగులోంచి నల్ల క్లిప్పు తీసి, ఆ అధ్యాయం పేజీలన్నీ కలిపి తనే బిగించింది. "ఇదిగో, ఇక అటు చూడకు. మిగతావి బాగా చదువు" అని కట్ట చేతికిచ్చింది. ఆ తర్వాత పరీక్షలు మొదలయ్యాక బస్సు చార్జీల కోసమని తబారక్ ఇంటి దగ్గరే చదువుకుంటానని చెప్పి వెళ్ళిపోయింది.

గేటు ఎదుట జిరాక్సు కొట్టు ఫలీహ్‌ది. ఆ కాగితం తెచ్చిచ్చింది అతనే. నజీహా వెళ్ళేసరికి ఫ్యాను ముందు చొక్కా విప్పి కూర్చున్నాడు. ఆమెను చూసి హడావుడిగా తొడుక్కున్నాడు.

"అసలు కాగితం ఉందా నీ దగ్గర?"

వెతికితే దొరికింది. గద్ద గుర్తుకు పైన, అంచు దగ్గర, రెండేళ్ళ కిందటి తారీఖు.

"నేనేం చేశాను సిత్? ఎవరో కుర్రాడు తెచ్చి యాభై కాపీలన్నాడు, తీశాను. నా మిషను పైన రెండు వేళ్ళ మేర మింగేస్తుందని ఊరంతటికీ తెలుసు. మొన్న ఒకడు పెళ్ళి కార్డు తెస్తే పెళ్ళికొడుకు పేరే మింగేసింది."

"నా దగ్గరికి ఎందుకు తెచ్చావు?"

"పిల్లలకి పనికొస్తుందని. మీరు చూసి వేస్తారనుకున్నాను."

"నువ్వు చూసి తెచ్చావనుకున్నాను" అంది నజీహా.

ఆ అసలు కాగితం తీసుకుని తిన్నగా డీన్ గదికి వెళ్ళింది.

డీన్ డాక్టర్ ముహన్నద్ చెడ్డవాడు కాదు. భయస్థుడు. కథంతా విని ముందు తలుపు మూయించాడు.

"కాగితం తీసేశారా?"

"తీసేశాను."

"ఇంకేం. అయిపోయింది. వచ్చినవాళ్ళకి ఉస్తాద్ చెబుతున్నాడు. రానివాళ్ళు ఎక్కడ చూశారో ఏమని చదివారో ఎవరికి తెలుసు? ఫోన్ల నిండా ఇలాంటి కాగితాలే."

"తొమ్మిది మందికి చెప్పాలి డాక్టర్."

"ఏమని చెబుతారు? కాలేజీ తప్పుడు నోటీసు పెట్టిందనా? మీ నోటితోనే? సిత్ నజీహా, రేపు ఎవడో ఒకడు ఫెయిలవుతాడు. ఎల్లుండి వాడి తెగ పెద్దలు కోటలాంటి తలపాగాలు చుట్టుకుని నా గేటు ముందు చాపలు పరుస్తారు. పరిహారం ఏమిటంటారు. మార్కు తక్కువ వేశాడని ఒక మాస్టరు ఇంటి మీద కాల్పులు జరిగిన ఊరండీ ఇది. అప్పుడు వాళ్ళకి కాఫీలు మీరు పోస్తారా?"

"పోస్తాను."

"మీ రిటైర్మెంటుకి పదకొండు నెలలుంది. మీ ఫైలు శుభ్రంగా ఉంది. నేను మీ మంచికే చెబుతున్నాను."

"పరీక్ష రేపు ఎనిమిదింటికి" అంది నజీహా.

డీన్ కిటికీలోంచి బయటకు చూశాడు. "కాలేజీ ఫోను వాడొద్దు" అన్నాడు.

"నాది ఉంది."

మొదటి నంబరుకు ఒక తండ్రి ఎత్తాడు. "మా వాడు ఒకటో అధ్యాయమే తెరవలేదు సిత్. అయిదోదాని గురించి మీరు బెంగ పెట్టుకోకండి" అన్నాడు. రెండో ఇంట్లో అమ్మాయి అప్పటికే చదివేసిందట. మూడో ఇంట్లో తల్లి విరుచుకుపడింది. "మీరు తిని కూర్చుని స్టాంపులు గుద్దుతారు, మా పిల్లలు నాశనమైపోతారు" అంది. నజీహా చివరిదాకా విని, "పేజీలు నూట నలభై నుంచి నూట డెబ్బై. ముందు లెక్కలు చేయించండి" అంది. అటునుంచి ఫోను పెట్టేసిన చప్పుడు. ఒంటిగంటన్నరకు ఎనిమిది మంది అయ్యారు. తబారక్ ఇచ్చింది తండ్రి నంబరు. అది పనిచేయడం లేదు.

రెండింటికి కియా బండి, అంటే జనాన్ని ఎక్కించుకుని తిరిగే చిన్న వ్యాను, ఎక్కింది. కిటికీ పక్క ఇనుము ముట్టుకుంటే కాలుతోంది. ఊరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా పొగగొట్టాలు, వాటి నీడలో ఇటుకలతో, రేకులతో లేచిన ఇళ్ళు. డ్రైవరు చివర దింపుతూ, "ఇక్కడ మీకేం పని సిత్? జనాభా లెక్కలా?" అని అడిగాడు. ఆఖరి బండి పొద్దు గూకేటప్పుడు తిరిగి వెళ్తుందని కూడా చెప్పాడు.

మట్టి పొయ్యిలో రొట్టెలు కాలుస్తున్న ఒకావిడను అడిగింది.

"ఏ తబారక్? ఇక్కడ నలుగురున్నారు."

"చదువుకునే అమ్మాయి."

"ఆ, తనలో తను గొణుక్కునే పిల్ల! మొన్న మా కోళ్ళకి ఏదో ఇంగ్లీషులో చెబుతోంది. నీలి తలుపు ఇల్లు."

నీలి తలుపు తెరిచింది నాయనమ్మ, బీబీ ఫహీమా. గడ్డం మీద ఆకుపచ్చ పచ్చబొట్టు, చేతిలో తాటాకు విసనకర్ర. నజీహా ఎవరో చెప్పగానే ముసలావిడ కళ్ళు చికిలించింది.

"లైబ్రరీ ఇంటికి రావడం ఇప్పుడే చూస్తున్నా. పుస్తకం ఆలస్యమైందా ఏం? మా పిల్లను పోలీసులకి పట్టిస్తావా?"

"లేదమ్మా. తప్పు నాది."

తబారక్ తడిపిన సిమెంటు నేల మీద బోర్లా పడుకుని లెక్కలు చేస్తోంది. లేచి నిలబడింది. పక్కన నూట పన్నెండో కట్ట. దానికి నల్ల క్లిప్పు అలాగే ఉంది.

నజీహా నిలబడే చెప్పింది. కాగితం పాతదని, తారీఖు తెగిపోయిందని, కొత్త తారీఖు తనే వేసిందని, అయిదో అధ్యాయం రేపు పరీక్షలో ఉందని. ఏదీ మెత్తబరచలేదు. తబారక్ విన్నది. కట్ట అందుకుని క్లిప్పు మీద వేలు పెట్టింది.

"ఇది మీరే కదా సిత్ పెట్టారు."

"నేనే."

"నాకు అర్థమవుతోందని కూడా చెప్పాను."

"చెప్పావు."

బీబీ ఫహీమా విసనకర్ర ఆపింది. "చదువుకున్న ఆడదానివి. చేతిలో కాగితం ఎప్పటిదో చూసుకోలేదా? నాకు అక్షరం రాదు. అయినా ఎండిన చేప తేవాలంటే మూడు సార్లు వాసన చూస్తాను" అంది. ముసలావిడ లోపలికి వెళ్ళి ఎండు నిమ్మకాయ టీ గ్లాసు తెచ్చి ఆమె ముందు ఠక్కున పెట్టింది. తిట్టినా అతిథి అతిథే.

"ఒక దారి ఉంది" అంది నజీహా. "రేపు రాయకు. ఆగస్టు ఆఖర్లో రెండో విడత ఉంటుంది. రసాయన శాస్త్రం ఒక్కటీ అప్పుడు రాయి. చాలామంది అలాగే వాయిదా వేసుకుంటారు. ఇప్పుడు రాసి తక్కువ మార్కుతో పాసయ్యావంటే మళ్ళీ రాయనివ్వరు. హాలు నీకోసం నేను తెరుస్తాను."

"ఆగస్టుకి మేం ఇక్కడ ఉండం సిత్. బట్టీ మూసేస్తున్నారు. నాన్న బస్రా రేవులో పనికి పోయాడు, నంబరు కూడా మార్చాడు. జూలై ఆఖరుకి సామాను లారీ వస్తుంది. పరీక్ష మాత్రం పేరు నమోదైన ఊళ్ళోనే రాయాలి."

"నేను తీసుకొస్తానే నిన్ను" అంది బీబీ.

"నువ్వు గుమ్మం దాటడానికే గంట పడుతుంది బీబీ."

"నోర్ముయ్! మీ తాతతో కలిసి ఒంటె మీద ఊళ్ళు తిరిగిన దాన్ని."

తబారక్ నవ్వబోయి మానేసింది. పేజీలు లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటి. గోడ గడియారంలో మూడూ ఇరవై. క్లిప్పు తీసి నజీహా ఒళ్ళో పెట్టింది. "మీరు ప్రశ్నలు చదవండి. జవాబు వెనక పేజీలో ఉంటుంది. నేను తప్పు చెబితే ఆపండి. సరిగ్గా చెబితే ఏమీ అనొద్దు, టైము పోతుంది" అంది.

నజీహా చదివిన డిగ్రీ చరిత్రలో. ఘటం గురించి ఆమెకు తెలిసింది టార్చిలైటులో వేసేదే. అయినా చదివింది. తబారక్ చెప్పింది. మొదటి పది పేజీలు వేగంగా గడిచాయి. ఒకప్పుడు సగం అర్థమైన విషయం తిరిగి వస్తోంది. నాలుగున్నరకు కరెంటు పోయింది. బీబీ ఇద్దరి మధ్యా కూర్చుని ఒకసారి ఇటు, ఒకసారి అటు విసురుతోంది. పదమూడో పేజీలో లెక్క తెగలేదు. నజీహా ఉస్తాద్ షాకిర్‌కి ఫోను చేసి స్పీకరు పెట్టింది. ఆయన వెనకాల హాలు చప్పుళ్ళు వినిపిస్తున్నాయి.

"ఎవరా పిల్ల? తబారకా? విను తల్లీ. ఏ వైపు పెద్ద సంఖ్యో చూసుకో, దాంట్లోంచి చిన్నది తీసెయ్. గుర్తు తారుమారు చేశావా, నీ బల్బు వెలగదు."

"రెండూ మైనసైతే ఉస్తాద్?"

"మైనసులోంచి మైనసు తీస్తే ఏమవుతుంది? ఆరో తరగతిలో చెప్పలేదా?"

"ఆ..." అంది తబారక్. రాసింది. "వచ్చింది."

మరో రెండు లెక్కలయ్యాక నజీహా ఫోను చచ్చిపోయింది. కరెంటు లేదు, చార్జింగు లేదు. పంతొమ్మిదో పేజీ దగ్గర పొద్దు పొగగొట్టాల వెనక్కి దిగింది. రోడ్డు మీద కియా హారను మోగింది.

"ఇంకా పన్నెండున్నాయి" అంది నజీహా, లేవకుండా.

"దీపం ఉంది. వెళ్ళండి సిత్. మీరుంటే బీబీ నిద్రపోదు, ఆవిడ నిద్రపోకపోతే నన్ను చదవనివ్వదు."

మంగళవారం ప్రశ్నపత్రంలో ఆ అధ్యాయం నుంచి రెండు ప్రశ్నలొచ్చాయి. ఒకటి కట్టలో ఎనిమిదో పేజీలోది. రెండోది ఇరవై ఏడో పేజీలోది. నజీహా ఆ సంగతి ఉస్తాద్‌ని అడిగి తెలుసుకుని, ఒక చీటీ మీద 8, 27 అని రాసి సొరుగులో పెట్టింది.

తెగ పెద్దలెవరూ రాలేదు. ఫోనులో తిట్టిన తల్లి మాత్రం వారం తర్వాత తిన్నగా డీన్ గదికే వెళ్ళింది. నజీహాకు లిఖితపూర్వకంగా మందలింపు అందింది. ఇరవై తొమ్మిదేళ్ళ ఫైలులో అదే మొదటిది. పరీక్షలన్నీ ముగిశాక, జూలై పదమూడున డీన్ ఇంకో ఉత్తర్వు ఇచ్చాడు. ఇకమీదట కాలేజీ విద్యార్థులు తప్ప బయటివాళ్ళు లైబ్రరీ హాల్లో కూర్చోరాదు, నోట్సు కట్టలు ఎవరికీ ఇవ్వరాదు. దాని మీద ముద్ర వేయాల్సింది నజీహాయే. అసలు కాగితం తెప్పించి, పై అంచు నుంచి కింది అంచు దాకా చదివి, వేసింది. ఇప్పుడు ఏ కాగితం తెచ్చినా అలాగే చేస్తోంది. ఫలీహ్ రెండు సార్లు విసుక్కున్నాడు.

రెండో విడత రాసే పిల్లలు గేటు దాకా వచ్చి వాచ్‌మన్‌తో వాదించి వెళ్ళిపోయేవాళ్ళు. కొందరు ఆసుపత్రి వరండాలో రోగుల చుట్టాల మధ్య కూర్చుని చదివారు.

జూలై ఇరవై తొమ్మిదిన తబారక్ వచ్చింది. నూట పన్నెండో కట్ట తిరిగివ్వడానికి. మర్నాడు లారీ వస్తుంది. ఫలితాలు వచ్చి నాలుగు రోజులైంది.

"ఎంత?" అంది నజీహా.

తబారక్ పెన్ను అడిగి తీసుకుంది. కట్ట అట్ట మీద అంతకుముందు చదివిన అమ్మాయి పేరు, పక్కన 98 ఉన్నాయి. దాని కింద తన పేరు రాసి 71 అని వేసింది. మిగతా ఆరు సబ్జెక్టుల్లో ఎనభై అయిదుకు తగ్గలేదు. మొత్తం మీద సగటు ఎనభై అయిదున్నర. నర్సింగ్ కాలేజీ తలుపు నిరుడు ఎనభై ఏడు దగ్గర మూసుకుంది.

"దరఖాస్తు పెట్టాను. మొదట నర్సింగే రాశాను. రెండోది బస్రాలో రెండేళ్ళ ఆరోగ్య సంస్థ. జాబితా సెప్టెంబరులో వస్తుంది."

"ఆ ఒకటిన్నర పాయింటూ..." అని నజీహా ఆగింది.

"నాకు తెలుసు సిత్. బీబీ రోజూ చెబుతూనే ఉంది. మీరు కూడా చెప్పక్కర్లేదు."

ఆమె గొంతులో కోపం లేదు, క్షమించిన గుర్తూ లేదు. పెన్ను తిరిగిచ్చి ఖాళీ హాలు చూసింది. "ఎవరూ లేరేం? ఈపాటికి రెండో విడత వాళ్ళు రావాలి కదా."

నజీహా వరండా వైపు చూపించింది. తబారక్ బోర్డు ముందు నిలబడి డీన్ ఉత్తర్వు చదివింది. పైనుంచి కిందికి, తాపీగా. కింద ముద్ర దగ్గర ఆగి, వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంది.

"సిత్, దీనికి పదహారు రోజులయ్యాయి."

నజీహాకు తెలుసు. రెండు రోజులుగా పొద్దున్నే పాత కాగితాలు పీకుతూ, ఆ ఒక్కదాని దగ్గర చూపు తిప్పుకుంటోంది.

"అది డీన్ గారిది తల్లీ."

"బండ్లు ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆయనదే కదా. అది చించేశారని వాచ్‌మన్ చెప్పాడు."

తబారక్ ఒంటి మీది నల్ల అబాయా సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. గేటు దగ్గర ఫలీహ్ ఏదో అడిగితే చేత్తో సైగ చేసి ముందుకు నడిచింది. నజీహా గుండుసూదులు నాలుగూ తీసి డబ్బాలో వేసింది. కాగితం మడిచి చెత్తబుట్టలో వేసి, వాచ్‌మన్‌ని పిలిచి రేపటి నుంచి పిల్లల్ని ఆపొద్దని చెప్పింది.

మర్నాడు ఏడుంపావుకి పదకొండు మంది వచ్చారు. తొమ్మిదింటికి డీన్ ఆఫీసు నుంచి ఫోను మోగింది.